వీపున సంచరించు ఎముక

కొల్లేటి చెంతనున్న పల్లెలయందు జాలరి దోనె కొనను నిలిచి విసురువల విసరునపుడు, చూచువారి కన్నులు వాని చేతిని, గాలిలో విచ్చుకొను వలను వెంబడించునేగాని ఆ క్షణమున వాని వీపున జరుగుచున్న కార్యమును గమనించువారు అరుదు. విసరుటకు ముందు నడుము మెలితిరుగునపుడు వాని కుడి రెక్క యెముక వెన్నెముక దిక్కునకు జరిగి నిలుచును. మఱుక్షణమున అది పక్కటెముకల వంపు వెంబడి చంక దిక్కునకు సాగి, చేతిని ముందునకు పంపి, వల చేజారిన పిదప తిరిగి తన చోటు చేరును. కాళ్ళయందును నడుమునందును పుట్టిన బలము చేతిని చేరవలెనన్న ఈ యెముకను దాటియే పోవలెను. దీనిని తగిన వేళ తగిన చోట నిలుపగల కండరములు లేనినాడు, ఎంత బలిష్ఠమైన జబ్బ గలవాడైనను వలను దోనె ప్రక్కనే కుప్పగా పడవేయును.

భుజము నొచ్చినదనగా మనము జబ్బను పట్టి చూచుకొందుము. వైద్యుని యొద్దకు పోయినను చొక్కా విప్పకయే చేయి చాపి చూపుదుము. వీపు మాట ఎవరికిని తోచదు. భుజబాధలను గూర్చి మనలోనున్న అపోహలలో నెల్ల పెద్దది ఇదియే యని నా అభిప్రాయము: భుజమనగా జబ్బయెముక తిరుగాడు కీలు మాత్రమే యనియు, దాని వెనుకనున్న పలక కదలిక లేని ఆధారమనియు తలచుట. నిజమునకు ఆ ఆధారమే సంచారి. చేయి కదలినప్పుడెల్ల అది కదలును. చేతికంటె ముందుగా కదలవలసిన వేళలును కలవు.

అంసఫలకమని శాస్త్రగ్రంథములు పేర్కొను ఈ యెముక పలుచని త్రికోణాకార ఫలకము. వీపున ఇరువైపుల, రెండవ పక్కటెముక మొదలు ఏడవ పక్కటెముక వఱకు గల మేరను ఆక్రమించి, నడుమ కండరముల పొరలను పఱచుకొని కూర్చుండును. ఎండిన యెముకను వెలుతురునకు అడ్డముగా పట్టి చూచినచో మధ్యభాగమున కాంతి తోచునంతటి పలుచన. వెనుకవైపున అడ్డముగా ఒక గట్టు లేచి, వెలుపలికి సాగి, భుజశిఖరమున చేతికి తగులు బల్లపరుపు ఎముకగా ముగియును. దానికి అంసకూటమని పేరు. ముందువైపున కాకిముక్కు రూపమున మఱొక కొమ్ము వంగియుండును. వెలుపలి కోణమున లోతు తక్కువైన గుంట యొకటి కలదు. జబ్బయెముక తల ఆ గుంటకే ఆనియుండును. ఏ వేళనైనను ఆ తలలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే గుంటను తాకుచుండును. తుంటికీలునందు ఎముక తల లోతైన గిన్నెలో దిగబడియుండుటచే స్థైర్యము హెచ్చు, చలనము తక్కువ. భుజమునందు ప్రకృతి చలనమునే కోరి, స్థైర్యమును కండరములకు ఒప్పగించినది.

విశేషమేమనగా, ఈ ఫలకమునకును పక్కటెముకలకును నడుమ కీలు లేదు. మృదులాస్థి లేదు, చుట్టు తిత్తి లేదు, బిగించి కట్టు బంధనము లేదు. మొండెపు అస్థిపంజరముతో దీనికి గల ఏకైక సంబంధము జత్రుక. మెడక్రింద అడ్డముగా చేతికి తగులు ఆ సన్నని యెముక ఒక కొనతో అంసకూటమును, మఱొక కొనతో రొమ్ముటెముకను అంటియుండును. కనుక మన చేయి మొత్తము, అది మోయు బరువుతో కూడ, మొండెమునకు ఎముకల దారిని తగులుకొనియున్నది రొమ్ముటెముక పైకొననున్న ఆ చిన్న కీలు వద్ద మాత్రమే. తక్కిన పట్టంతయు కండరములది. కొల్లేటి నీటిలో నలువైపుల గుంజలకు కట్టిన తాళ్ళ నడుమ తేలియాడు దోనె, ఒక తాడు సడలి మఱొకటి బిగిసినప్పుడెల్ల ఎట్లు దిశ మార్చుకొనునో, 17 కండరముల పట్టులోనున్న ఈ ఫలకమును అట్లే, బిగిసిన కండరము వైపునకు జరుగుచు, ఒరుగుచు, తిరుగుచుండును.

మన ప్రాచీన శస్త్రవైద్యులు దీనిని ఎఱుగనివారు కారు. సుశ్రుతసంహిత శారీరస్థానమున ఎముకలను ఆకృతినిబట్టి ఐదు జాతులుగా విభజించుచు, అంసమునందలి యెముకలను కపాలజాతిలో, అనగా వెడల్పైన పలకల జాతిలో చేర్చినది. ఆ స్థానముననే 107 మర్మములను లెక్కించునపుడు వీపున రెండు అంసఫలక మర్మములను, మెడకును బాహుశిరస్సునకును నడుమ రెండు అంస మర్మములను పేర్కొని, మొదటివానికి దెబ్బ తగిలినచో చేయి మొద్దుబారి చిక్కిపోవుననియు, రెండవవానికి తగిలినచో చేయి స్తంభించుననియు చెప్పినది. నరముల మార్గములను తంతువు తంతువుగా విప్పి చూపు నేటి సాధనములు లేని కాలమున, వీపున తగిలిన దెబ్బకు చేయి ఫలము ననుభవించునని గుర్తించుట సామాన్యమైన పరిశీలన కాదు.

ఇక దీని నడకను స్వయముగా చూడవచ్చును. ఇంటిలో నొకరిని చొక్కా విప్పి వెనుదిరిగి నిలువుమని, మీ అరచేతిని వారి రెక్క యెముక క్రిందికొనపై మోపి, చేతిని ప్రక్కనుండి మెల్లగా తలపైకి ఎత్తుమనుడు. మొదట కొంతమేర ఆ కొన ఇంచుమించు చలింపదు. పిదప అది మీ అరచేతి క్రిందనుండి జారి చంక దిక్కునకును, ముందునకును పోవును. చేయి దింపునపుడు అదే దారిని మరలి వచ్చును. దీనిని ఫలకము పైదిక్కునకు తిరుగుట యందురు, ఏలయనగా ఈ భ్రమణమున జబ్బయెముక ఆనియున్న గుంట ఆకాశమువైపు ముఖము త్రిప్పును. దీనికి విపరీతమైనది క్రిందిదిక్కు భ్రమణము. వీపువెనుక చేతులు కట్టుకొనునపుడు అది కానవచ్చును. ఏమో తెలియదని భుజము లెగురవేయునపుడు ఫలకము పైకి పాకును. నీటి అడుగున గెడను దిగనొత్తి దోనెను తోయునపుడు క్రిందికి దిగును. వలత్రాడు లాగునపుడు వెన్నెముకను సమీపించును. బురదలో దిగబడిన బండిని వెనుకనుండి నెట్టునపుడు దూరమగును. ఇవిగాక ఫలకము పైయంచు ముందుకు గాని వెనుకకు గాని ఒరుగుట, లోపలి యంచు పక్కటెముకలను వీడి లేచుట అను సూక్ష్మచలనములు కలవు. కంటికి పెద్దగా తోచని ఈ ఒరుగుళ్ళలోనే భుజరోగములు అనేకము తలయెత్తుచున్నవి.

ఈ చలనములకు కర్తలైన కండరములలో వైశాల్యమున మొదటిది ట్రపీజియస్. తల వెనుక యెముక మొదలు రొమ్మువెన్నుపూసలలో కడపటిదైన పన్నెండవదాని వఱకు నడివీపు పొడవునను పుట్టి, ఇరువైపుల విశాలమైన త్రికోణములుగా పఱచుకొని, జత్రుకను, అంసకూటమును, ఫలకముపైనున్న గట్టును పట్టుకొనును. పేరునకు ఒక్క కండరమేగాని, పనిలో మూడని చెప్పవలెను. పైభాగపు తంతువులు భుజమును ఎత్తును. నడిమివి ఫలకమును వెన్నెముకవైపునకు లాగును. అడుగువి దానిని క్రిందికి దించును. పైవియు అడుగువియు ఏకకాలమున పనిచేసినచో ఒకదాని లాగుడు మఱొకదానిని రద్దుచేయదు. రెండును కలిసి ఫలకమును త్రిప్పును. మన ప్రాంతమున కావడి మోసినవారు తమ మెడకును భుజశిఖరమునకును నడుమ కావడిబద్దకు అమర్చి యిచ్చు మెత్తని గద్దె ఈ కండరపు పైభాగమే.

దాని మఱుగున ఫలకపు పైకోణమును మెడపూసలలో పై నాలుగింటికి కట్టియుంచు సన్నని కండరమొకటి కలదు. మెడ వంచి దీర్ఘకాలము చదువువారికి, కుట్టువారికి, ఇప్పుడు ఫోనువైపు చూచువారికి మెడప్రక్క పట్టివేసినట్లుండు బాధ తఱచుగా ఈ కండరపు కుదురునందే పుట్టును. దాని క్రింద ఫలకపు లోపలియంచును వెన్నెముకకు కట్టు రాంబాయిడ్ కండరములు రెండు. ముందువైపున, మూడవ నాలుగవ అయిదవ పక్కటెముకలనుండి లేచి కాకిముక్కు కొమ్మును పట్టుకొను చిన్న రొమ్ముకండరము ఫలకమును ముందుకు వంచును. గూనుగా కూర్చుండు అలవాటు గలవారిలో ఇది కుఱుచయై, ఫలకమును ఎల్లప్పుడు ముందుకు ఒరిగించియుంచి, చేయి పైకెత్తునపుడు అంసకూటము క్రింద చోటును ఇరుకుచేయును.

రాంబాయిడ్ ప్రసక్తి వచ్చినది గనుక ఒంగోలు కోడెను తలపక తప్పదు. సంక్రాంతికి బండలాగుడు పందెములయందు మనము చూచి మురియు ఆ మూపురము ఉత్త కొవ్వుముద్ద కాదు. దానిలోని మాంసము చాలవఱకు రాంబాయిడ్ కండరమే. మనుష్యునియందు బొటనవ్రేలి మందమైనను లేక ట్రపీజియస్ చాటున దాగియుండు కండరము ఆ జాతి పశువునందు శిఖరమై నిలిచినది. పశువునకు మఱొక విశేషము కలదు: దానికి జత్రుక లేదు. ముందుకాళ్ళు మొండెమునకు ఏ యెముకచేతను అతుకబడలేదు; రెండు భుజఫలకముల నడుమ రొమ్ము భారమంతయు కండరముల ఉట్టిపై వ్రేలాడుచుండును. ఆ ఉట్టిలో ముఖ్యమైన కండరమునకు సోదరమైనదే మనుష్యునియందు సెర్రేటస్ యాంటీరియర్ అనబడునది. ఈ వ్యాసమునకు నాయకస్థానము దానిదే.

సెర్రేటస్ పక్కటెముకలలో పై యెనిమిదింటినుండి గాని తొమ్మిదింటినుండి గాని, రంపపు పండ్లవలె విడివిడి పాయలుగా పుట్టును. చంక క్రింద, సన్నని దేహము గల పనివారి ప్రక్కను చూచినచో ఆ పాయలు వేళ్ళవలె వరుసగా కనబడును. అక్కడనుండి అది పక్కటెముకలను హత్తుకొని వెనుకకు సాగి, ఫలకమునకును పంజరమునకును నడుమ దూరి, ఫలకపు లోపలియంచును నిడివి పొడవున పట్టుకొనును; అడుగు పాయలలో నధికభాగము క్రిందికొన వద్దనే గుమిగూడును. కనుక ఇది బిగిసినప్పుడు మూడు కార్యములు ఒక్కమారే నెఱవేఱును: ఫలకము ముందునకు సాగును, క్రిందికొన వెలుపలికి లాగబడి ఫలకము పైదిక్కునకు తిరుగును, అన్నిటికంటె ముఖ్యముగా, లోపలియంచు పక్కటెముకలకు అదిమిపెట్టబడును. ఈ మూడవ పనిలో ప్రధానపాత్ర దీనిదే. ముష్టియుద్ధము చేయువాని గుద్దునందు, దండెములు తీయువాని తుది త్రోపునందు, కాలువగట్టు వెంబడి బరువైన తోపుడుబండి నెట్టువాని ఊపునందు ఇది నిండుగా మేల్కొనియుండును.

ఈ కండరమునకు ప్రాణము పోయు నరము మెడయందు అయిదవ ఆఱవ ఏడవ గ్రైవనాడుల మూలములనుండి పుట్టి, రొమ్ముప్రక్కగా దిగి, కండరపు వెలుపలి ముఖముమీదనే బహిరంగముగా నడచును. నరములు సాధారణముగా కండరముల చాటున, లోతున సురక్షితముగా పోవును; ఇది మాత్రము పైపైననే పోవుటచే దీనికి అపాయములు పెక్కు. బరువైన సంచులను భుజములకు పట్టీలతో దీర్ఘకాలము తగిలించుకొనుట, ప్రక్కనుండి తగిలిన దెబ్బ, కొన్ని జ్వరముల తరువాత కలుగు నరపు వాపు, రొమ్మున పుట్టిన రాచపుండునకు చంకలోని గ్రంథులను తొలగించు శస్త్రచికిత్స, వీనిలో ఏదైనను దీనిని మౌనపఱచవచ్చును. అట్లు నరము దెబ్బతిన్నవానిని గోడకెదురుగా నిలిపి రెండరచేతులతో గోడను నెట్టుమనిన, ఫలకపు లోపలియంచు వీపునుండి విడివడి పక్షిరెక్కవలె పైకిలేచును. నొప్పి కొందఱికి ఉండును, కొందఱికి ఉండదు; చేయి మాత్రము తలపైకి లేవదు. జబ్బలోని కండరములు చెక్కుచెదరకయే యుండగా చేయి ఏల లేవలేదో ఆ రోగికి అర్థము కాదు.

దానికి సమాధానము ఒక లెక్కలో కలదు. చేయి తలపైకి నిటారుగా లేచుట 180 డిగ్రీల ప్రయాణము. ఇందులో ఇంచుమించు 120 డిగ్రీలు జబ్బయెముక తన గుంటలో తిరుగుటవలనను, 60 డిగ్రీలు ఆ గుంటతోకూడ ఫలకమే తిరుగుటవలనను సమకూరును. బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్టు కాడ్‌మన్ 1934లో భుజమును గూర్చి వెలువరించిన గ్రంథమున ఈ రెండింటి జోడు నడకకు లయ యని పేరిడెను. 1944లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఇన్‌మన్, సాండర్స్, ఆబట్ అను మువ్వురు ఎక్స్‌రే చిత్రముల సహాయమునను, కండరములలో పుట్టు విద్యుత్తును నమోదుచేసియు, ఆ లయను రెండింటికి ఒకటిగా కొలిచిరి. మొదటి 30 డిగ్రీలవఱకు ఫలకము తన చోటు సరిచూచుకొనుచుండుననియు, ఆపైన రెండు పాళ్ళకు ఒక పాలుగా వెంట నడచుననియు వారు చూపిరి. తరువాతి పరిశోధకులు ఈ నిష్పత్తి మనిషి మనిషికిని, బరువును వేగమును బట్టియు మాఱునని కనుగొనిరి. కాని జోడు నడక సత్యము చెక్కుచెదరలేదు. అంతకు పూర్వమే, 1867లో, పారిస్ నగరపు వైద్యుడు డ్యూషేన్ సజీవుల చర్మముపై విద్యుత్తును ప్రసరింపజేసి ఒక్కొక్క కండరమును విడివిడిగా బిగియించి దాని ధర్మమును గ్రంథస్థము చేసియుండెను. పక్షవాతము సోకినవారిని శ్రద్ధతో పరీక్షించి, ఒక కండరము లోపించిన చలనము ఎట్లు చెడునో పోల్చిచూచుటయే ఆయన పద్ధతిలోని గొప్పతనము.

ఫలకము తిరుగకున్న నష్టమేమి? మొదటిది, చేయి లేచునప్పుడు జబ్బయెముక తల పైనున్న అంసకూటమునకు తాకి, నడుమనున్న స్నాయువును నలిపివేయును. ఫలకము తిరిగి ఒరిగినచో ఆ కప్పు దారినుండి తొలగును. రెండవది ఇంకను లోతైనది. భుజముపై మూతవలె కప్పియున్న డెల్టాయిడ్ కండరము చేతిని ఎత్తునపుడు కుఱుచయగుచుండును. ఏ కండరమైనను మితిమీరి కుఱుచయైనచో దాని బలము హరించిపోవును. ఫలకము తానును తిరుగుచు డెల్టాయిడ్ పుట్టుచోటును ఎప్పటికప్పుడు దూరముగా జరుపుటచే, ఆ కండరము తన బలము నిలుచు నిడివిలోనే పనిచేయగలుగుచున్నది. ఫలకమును త్రిప్పు పని ట్రపీజియస్ పైభాగము, అడుగుభాగము, సెర్రేటస్ అను ముగ్గురి ఉమ్మడి బాధ్యత. వీరిలో ఒకరు వెనుదీసినను లయ తప్పును.

కొల్లేటి పొరుగునున్న ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టు ఋతువున, అయిదు కిలోగ్రాములకు చేరువైన బరువు గలిగియు ఆ పక్షులు గాలిలో నిశ్చలముగా తేలిపోవుట చూచినవారికి భుజనిర్మాణమున ప్రకృతి పట్టిన మఱొక మార్గము తెలియును. పక్షి భుజఫలకము త్రికోణము కాదు. కత్తిలా సన్నగా వెన్నెముక వెంబడి సాగి, స్థిరముగా నుండును. ఆశ్చర్యమేమనగా, రెక్కను పైకెత్తు ప్రధానకండరము వీపున లేదు, రొమ్మున నున్నది. దాని స్నాయువు మూడు ఎముకలు కలియుచోట ఏర్పడిన రంధ్రముగుండా పైకి దూరి, వంగి, రెక్కయెముక పైభాగమును పట్టుకొని, రొమ్మునుండియే రెక్కను ఎత్తును. పక్షి తన ఫలకమును నిశ్చలము చేసికొని ఎగిరినది; మనుష్యుడు దానిని సంచారిగా విడిచి చేతిని సర్వదిక్కులకు చాపినాడు.

ఈ సంచారమువలన మనకు దక్కినవానిలో విసరు శక్తి ముఖ్యమైనది. 2013లో నీల్ రోచ్ మొదలగువారు నేచర్ పత్రికయందు ప్రకటించిన వ్యాసమున, మనుష్యుడు విసరునపుడు చేయి వెనుకకు పోయిన క్షణమున భుజపు స్నాయువులు, బంధనములు సాగి శక్తిని దాచుకొని, తరువాత దానిని ఒక్కమారుగా విడుచుననియు, ఇందుకు అవసరమైన దేహలక్షణములు ఇంచుమించు ఇరువది లక్షల సంవత్సరములనాడు మన జాతిలో కూడివచ్చినవనియు వాదించిరి. బరువు ఎత్తుటయందు ఇదే నిర్మాణము మఱొక పరీక్షకు నిలుచును. ఆముదాలవలసలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో స్నాచ్ పద్ధతిని 110 కిలోలను, క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిని 130 కిలోలను తలపై నిలిపి కాంస్యపతకము నందినప్పుడు, ఆ యినుపకడ్డీ భారము చేతులగుండా రెండు ఫలకముల గుంటలకు దిగి, పైదిక్కునకు నిండుగా తిరిగిన ఆ ఫలకములను సెర్రేటస్, ట్రపీజియస్‌లు పక్కటెముకలకు అదిమి పట్టియుంచుటచేతనే అది తలపై నిలువగలిగినది. చేతుల బలముతోనే బరువు ఎత్తబడునని తలచు యువకులు అట్లు బరువెత్తువారిని వెనుకనుండి చూడవలెను. 1963లో వెలువడిన నర్తనశాలలో భీముడుగా కనబడిన బరువులెత్తు వీరుడు దండమూడి రాజగోపాలరావు వీపును చూచినవారికిని ఈ కండరముల నిండుతనము విదితమే.

కాని ఈ కండరములకు మన జిల్లాలలో ముఖ్యమైన రంగస్థలము క్రీడాప్రాంగణము కాదు, కూలిపని. తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల బజారున, తణుకు చుట్టుపట్ల బియ్యపు మిల్లులయందు, జట్టుకూలీలు వీపుపై బస్తాలు మోయుచుందురు. మన ప్రాంతపు ధాన్యపు బస్తా 75 కిలోలు. ఒక వయోజనుడైన పురుషుడు చేతులతో మోయు బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మికసంస్థ 1967లోనే సిఫారసు చేసినది. వీపున బస్తా పడిన క్షణమున కూలీ ముందుకు వంగి, చేతులను తలమీదుగా వెనుకకు త్రిప్పి మూతిని పట్టుకొనును. ఫలకములు నిండుగా పైకి తిరిగిన ఆ స్థితిలోనే బరువు వాని మీద కూర్చుండును, ఆ స్థితిలోనే వాడు నడచును, మెట్లెక్కును. రోజంతయు ఈ పని చేసి నలుబది యేండ్లకే చేయి పైకెత్తలేని స్థితికి వచ్చినవారిని చూచి వయసు మీఱినదనుట అన్యాయము. ఆ భుజము అరుగుటకు కారణము వయసు కాదు, బస్తా. దాని బరువు తగ్గించుట వైద్యుని చేతిలో లేదు. మిల్లు యజమానుల చేతిలోను, ప్రభుత్వము చేతిలోను ఉన్నది.

బరువు లేని పనియందును కష్టము కలదు. పారశీకులు తెచ్చిన విద్యగా ప్రసిద్ధమైన ఏలూరు తివాచీల నేతలో, నిలువుమగ్గము నెదుట కూర్చుండి చేతులను రొమ్మెత్తున ఉంచి ముడి వెంబడి ముడి వేయువారి ఫలకములు గంటలకొలది ఒకేచోట ఎత్తి నిలుపబడియుండును. కండరము బిగిసి సడలుచుండినచో రక్తము దానిలో ప్రవహించును; సడలక బిగిసియే యున్నచో ప్రవాహము తగ్గి నొప్పి పుట్టును. ఇదే కారణమున కంప్యూటరు ముందు కూర్చుండు గుమాస్తాకును మెడకును భుజమునకును నడుమ గట్టిపడిన ముద్ద తగులును. వీరికి కావలసినది పైభాగపు ట్రపీజియస్‌ను ఇంకను బలపఱచుట కాదు, మధ్య మధ్య దానిని వదలిపెట్టుట.

మధుమేహరోగులలో హెచ్చుగా కానవచ్చు బిగిసిన భుజమునందు మఱొక చిత్రము కనబడును. అక్కడ వ్యాధి జబ్బయెముక కీలు తిత్తియందు. అది కుంచించుకొని ఎముకను కదలనీయదు. రోగి చేయి ఎత్తబోయినచో, కీలు సహకరింపకపోవుటచే, ఫలకమే ముందుగా పైకి లేచి చెవిని సమీపించును. లయ తలక్రిందులై, అనుచరుడు నాయకుడగును. దీనిని చూచి కండరములదే దోషమనుకొనుటయు పొరపాటే. అమెరికాలో బెన్ కిబ్లర్ మొదలగు వైద్యులు ఫలకపు చలనదోషమునకు పేరిడి, దానిని పరీక్షించు పద్ధతులను ప్రచారము చేసిన తరువాత, వీపున ఎచ్చుతగ్గు లేశమాత్రము కనబడినను రోగమనువారు బయలుదేరిరి. ఆరోగ్యవంతులలోను కుడిఎడమల తేడా సాధారణము; వాడుక చేతివైపు ఫలకము కొంచెము దిగియుండుట అరుదు కాదు. నొప్పి గాని, బలహీనత గాని తోడైనపుడే ఆ తేడాకు విలువ.

మన తాలింఖానాలయందు వెనుకటివారు తీసిన దండెములను తక్కువగా చూడరాదు. రెండు చేతులు నేల కానించి దేహమును పైకెత్తిన పిదప, మోచేతులు చాపియుంచి, రొమ్మును మఱికొంచెము పైకి త్రోచి, భుజఫలకములను ఒకదానికొకటి దూరము చేసినచో సెర్రేటస్ గట్టిగా పనిచేయును. నేటి వ్యాయామవైద్యులు ఈ తుది త్రోపునే ఎంచి నేర్పుచున్నారు. నేలపై చేయలేనివారు గోడకు చేతులానించి చేయవచ్చును. నొప్పి యున్నవారు ఫిజియోథెరపిస్టు కనుసన్నలలో మొదలిడుట మేలు.

చివరిగా ఒక ముఖ్యవిషయము. ట్రపీజియస్‌ను నడపు నరము కపాలమునుండి దిగి మెడప్రక్కన చర్మమునకు మిక్కిలి సమీపమున, రసగ్రంథుల నడుమ పోవును. మన దేశమున క్షయవలన మెడలో గ్రంథులు వాచుట సాధారణము. ఆ గ్రంథులను పరీక్షకొఱకు కోసి తీయునపుడు ఈ నరము తెగిన సందర్భములు వైద్యచరిత్రలో అనేకములు. గాయము మానును, కుట్లు ఊడును, గడ్డ పోయెనని అందఱు సంతోషింతురు. తరువాత భుజము క్రిందికి జారుట, మెడవంపు డొల్లబారుట, చేయి ప్రక్కనుండి భుజము ఎత్తునకు మించి లేవకుండుట మెల్లగా బయటపడును. శస్త్రచికిత్స వలని నొప్పియే యని నెలలు గడుపుటచే ఆ కండరము ఎండిపోవును. నరము తెగినదని మొదటి కొన్ని నెలలలోనే గుర్తించినచో దానిని మరల అతుకవచ్చును, లేదా మఱొక నరపు తునకను అమర్చవచ్చును. ఆలస్యమైనకొలది ఫలితము సన్నగిల్లును. కనుక మెడలోని గడ్డ తీయించుకొనిన వెనుక చేయి పైకి రాకున్నయెడల, అది మీకైనను, మీ యింటివారికైనను సరే, కాలహరణము చేయక, చొక్కా విప్పి వీపు చూపి, నరముల శస్త్రవైద్యుని సలహా పొందుడు.